వజ్రకూటం ఉడుముల పథ్యం

వజ్రకూట దుర్గం ఏడవ వాకిట్లో కావలివాళ్లు అంకాలు తలపాగా ఊడదీసి చూశారు. రెండు రోజుల కిందట వాగు ఒడ్డున కూర్చుని కత్తితో జుట్టు కోసిపారేసింది గనుక బతికిపోయింది. లేకపోతే మగవేషం అక్కడే బయటపడేది. కారుకోన మనిషి కోటలో అడుగుపెట్టిందన్న మాట రాజు చెవిన పడేలోపే ఆమె తల గుమ్మానికి వేలాడేది.

"పేరేంది?" అన్నాడు కావలివాళ్ల నాయకుడు, ఆమె మూలికల సంచిని ఈటెమొనతో కెలుకుతూ.

"శరభయ్య. మాది మరుదేశం. పాములకీ ఉడుములకీ వైద్యం చేస్తాను."

"నీకు ముందు పదకొండుమంది వచ్చారు ఇదే మాట చెప్పుకుంటా. ఒక్కడూ ఈ వాకిలి దాటి తిరిగి పోలా. ఉడుములకి మేతయ్యారు. నువ్వు మరీ బక్కోడివి. ఒక పూటకి కూడా చాలవు."

పక్కవాళ్లు నవ్వారు. ఒకడు తలపాగాలో ఉమ్మేసి, దాన్ని మళ్లీ ఆమె తలమీద పెట్టాడు. అంకాలు లోపలికి నడిచింది.

తూర్పు కొండల్లోని కారుకోనలో ఏడు తరాలుగా మహాకాయ ఉడుములను పెంచుకునే జనం ఆమె వాళ్లు. కిందటి వేసవిలో వజ్రకూటం రాజు ఉద్దండవర్మ ఆ అడవిని తగలబెట్టి, పింగళ, కరాళుడు అనే రెండు ఉడుములను గొలుసులు వేసి పట్టుకుపోయాడు. మిగిలిన రెండు వేలమంది ఆకాశగడ్డ ఎక్కి తలదాచుకున్నారు. నాలుగు వైపులా నునుపుగా చెక్కినట్టు నిలువునా లేచిన కొండ అది. ఉన్న ఒక్క కాలిబాటనూ వాళ్లే బండలు దొర్లించి కూల్చేసుకున్నారు. ఇక ఆ కొండ ఎక్కగలిగినవి ఉడుములే. వాటి నడుముకు తాళ్ల నిచ్చెన కట్టి పైకి పంపితే వెనకనే సైన్యమంతా ఎక్కిపోవచ్చు. రాజు ఆ పనే చేయబోయాడు. కానీ ఉడుములు రెండూ ఇరవై మూరలైనా ఎక్కకుండానే జారిపడ్డాయి. అందుకే దేశదేశాలకు చాటింపు వేయించి వైద్యులను పిలిపిస్తున్నాడు.

అంకాలు నారతాడు పట్టుకుని ఆకాశగడ్డ దిగింది. ఆమె కాలు నేలకు ఆనగానే పైనున్నవాళ్లు ఆ తాడును కోసేశారు, శత్రువుకు దొరకకూడదని. తిరిగి పోవాలంటే ఆమెకైనా ఉడుమే దిక్కు. వాటికి వైద్యం చేస్తే తనవాళ్ల మీదికి శత్రువును ఎక్కించినట్టు. చేయకపోతే అవీ చస్తాయి, తనూ చస్తుంది. వాటిని బాగుచేయాలి, బాగైన రోజునే వాటి వీపెక్కి కోట దాటాలి. ఆమె పన్నాగమంతా ఇంతే.

కొలువుకూటంలో తొంభైఆరు నల్లరాతి స్తంభాలు. ఒక్కో స్తంభానికి చుట్టుకుని ఒక్కో రాతి ఉడుము. వాటి కళ్లలో కెంపులు, నోళ్లలో వెలిగే దివ్వెలు. నేలంతా పచ్చలతో పొదిగిన పద్మాలు, పైకప్పుకు వేలాడే ముత్యాల జాలర్లు. వాటి నడుమ దంతపు సింహాసనం మీద ఉద్దండవర్మ కూర్చున్నాడు. ఏనుగు తొండంలాంటి చేతులు, గంధం అలదిన రొమ్ము, ఎప్పుడూ ఎవరినో కొట్టబోతున్నట్టు బిగిసి ఉండే పిడికిలి. వెనకగా ఆస్థాన మాంత్రికుడు ఘోరాక్షుడు నిలుచున్నాడు. అతని ఎడమ కన్ను ఉడికించిన గుడ్డులా తెల్లగా ఉంటుంది, చేతిలో ఎముకతో చేసిన దండం ఉంటుంది.

"నలభై రోజులు గడువు," అన్నాడు రాజు. "నలభై ఒకటో నాడు నా ఉడుములు ఈ కోట బురుజు ఎక్కాలి. ఎక్కాయా, ఏం కావాలో కోరుకో. ఎక్కలేదా, ఆ పూట వాటి ముందు పడేది నువ్వే."

"చిత్తం ప్రభూ. ముందు వాటిని చూడనివ్వండి."

నేలమాళిగకు నూట ఇరవై మెట్లు. గాలి లేదు, వెలుగు లేదు, తడి గోడల మీద నూనె దివ్వెల మసి. పన్నెండేసి మూరల పొడవున్న ఆ జంతువులను చూసి అంకాలు గుండె చెరువైంది. ముందరి కాళ్లు విల్లుల్లా వంగిపోయాయి. దవడలు ఉబ్బి మెత్తబడ్డాయి. పొట్టలు నేలకు జారాయి, తోకల మొదట కొవ్వు ముద్దలు కట్టింది. ఊడాల్సిన పాత చర్మం వేళ్లకు ఉంగరాల్లా బిగుసుకుపోయి ఉంది. వాటి ముందు బంగారు తొట్టిలో నేతిలో వేయించి, తేనె కలిపి, కుంకుమపువ్వు చల్లిన మేక కండా కార్జం పొగలు కక్కుతున్నాయి.

"రోజుకి మూడు పూటలా ఇదే," అన్నాడు వంటశాల పెద్ద గుమ్మడయ్య, బొజ్జ మీద చేతులు పెట్టుకుని. "ఒక్క ఎముక ముక్క తగలకుండా నేనే దగ్గరుండి ఏరిస్తాను. రాజుగారు కూడా ఇంత కమ్మగా తినరు."

"ఇవి ఎండ మొహం చూసి ఎన్నాళ్లయింది?"

"కొండెక్కించబోయిన పూట తప్ప, పట్టుకొచ్చిన కాడి నుంచి లేదు. మాంత్రికులవారి ఆజ్ఞ."

ఆ మాటల మధ్యలో పింగళ తల ఎత్తింది. చీలిన నాలుక మెల్లగా జాపి అంకాలు మణికట్టును తడిమింది, ఒకసారి కాదు, మూడుసార్లు. గుడ్డులోంచి బయటపడ్డ నాటి నుంచి దాన్ని పెంచింది అంకాలే. కళ్లు చెమర్చబోతే పంటిబిగువున ఆపుకుంది. వెనకనుంచి ఘోరాక్షుడి గొంతు వినపడింది.

"ఎరిగినదానిలా ఉందే."

"నా సంచిలో ఎండుచేపలున్నాయి స్వామీ. వాసన పట్టింది."

ఘోరాక్షుడి తెల్లకన్ను చాలాసేపు ఆమె మీదే ఉంది.

అంకాలు రాజు దగ్గరికి తిరిగి వచ్చి ఉన్నమాట చెప్పింది. "ప్రభూ, ఇవి తిండి లేక చావడం లేదు, తిండి ఎక్కువై చస్తున్నాయి. అడవిలో ఉడుము వేటను కండ ఒలుచుకుని తినదు. ఎముకతో, బొచ్చుతో, పెంకుతో కలిపి మింగుతుంది. కండ వల్ల ఒళ్లొస్తుంది గాని ఎముక రాదు. నెయ్యీ తేనే ఈ పూట నుంచే ఆపాలి. కార్జం నెలకొక్కసారి, గుప్పెడు చాలు. పొలాల్లో ఎలుకలు, వాగులో పీతలూ చేపలూ, గుల్లతో సహా నత్తలు, పెంకుతో సహా గుడ్లు, ఈకలతో సహా పూరేడు పిట్టలు కావాలి. మిడతలకు రెండు రోజులు మునగాకు మేపి, అప్పుడు వీటికి వేయాలి. మిడత తిన్న ఆకు బలం కూడా ఉడుముకే చేరుతుంది. అదీ రోజూ కాదు, మూడు రోజులకు ఒక్కసారి. ఒళ్లంతా మునిగేటంత నీళ్ల తొట్టి కావాలి. అన్నిటికంటే ముందు ఎండ కావాలి. ఎండ తగలకపోతే ఎన్ని ఎముకలు మింగినా ఒంటికి పట్టవు."

"ఎండలోకి తెస్తే నా మంత్రరక్ష తొలగిపోతుంది," అన్నాడు ఘోరాక్షుడు.

"నీ మంత్రరక్షలో ఉండగానే ఇరవై మూరలైనా ఎక్కలేక జారిపడ్డాయి," అని కసిరాడు రాజు. "వైద్యుడు అడిగినవన్నీ ఇవ్వండి."

మరునాటి నుంచి కోటలో అంకాలుకు శత్రువు కానివాడు లేడు. కత్తియుద్ధం నేర్చిన భటులు బురదపొలాల్లో ఎలుకబొరియలు తవ్వవలసి వచ్చింది. వాగులో పీతలు వేళ్లు కొరికితే వాళ్లు ఆమె పుట్టుకను తిట్టారు. తన వంటశాల గుమ్మంలో భటులు నత్తల బుట్టలు దించినప్పుడల్లా గుమ్మడయ్య ఆమె తాగే గంజిలో ఇసుక కలిపించాడు. ఒకనాడు గాజుపెంకు కూడా వచ్చింది. నాలుక తెగి నోరంతా నెత్తురైనా అంకాలు దాన్ని ఉమ్మేసి, మిగిలిన గంజి తాగి, మిడతల గూటికి మునగాకు వేయడానికి వెళ్లింది.

ఉడుములు కూడా కలిసిరాలేదు. రోజుకు మూడు పూటలు నేతిమాంసం మరిగిన నోళ్లకు ఎలుక రుచించలేదు. తొమ్మిది రోజులు ముట్టలేదు. పదో రోజున, మాళిగ నుంచి కోట పెరట్లోకి తెచ్చి కట్టిన బండ మీద ఎండ కాచుకుంటున్న కరాళుడు ఆమె చేతిలోని చేపను వదిలి చేతినే పట్టబోయాడు. అంకాలు రెప్పపాటులో భుజం తిప్పుకుంది. పంటిగీరు మోచేతి దాకా దిగింది. ఆకు పసరు పిండుకుని, అదే చేతితో అదే చేపను మళ్లీ చాచింది. కరాళుడు చాలాసేపు చూసి, నాలుకతో తడిమి, తలతోకలతో సహా మింగాడు.

ఆ తరువాత తేడా పూటపూటకూ కనిపించింది. పొద్దున్నే బండ మీద పరుచుకుని వీపు నల్లబడేదాకా కాగేవి, నీళ్లలో దిగి పాత చర్మం వదిలించుకునేవి. దవడ గట్టిపడింది. గుడ్డు నోట్లో పెడితే పెంకు పటపటమని నలిగే చప్పుడు పెరడంతా వినపడేది. ముప్పయ్యో రోజుకు కాళ్ల వంకరలు పూర్తిగా పోలేదు గాని గోళ్లు రాతిలో దిగి నిలిచాయి. కొత్త చర్మం మీద పసుపు చుక్కలు తంగేడు పూలలా విరిశాయి.

ముప్పయ్యారో రోజున ఘోరాక్షుడు ఒంటరిగా పెరట్లోకి వచ్చాడు. ఎముక దండం ఎత్తి మంత్రం జపించాడు. మునుపు ఆ దండం చూస్తేనే నేలకు అంటుకుపోయే పింగళ ఈసారి మెడ ఉబ్బించి బుసకొట్టింది. తోక గాలిలో ఈలవేస్తూ తిరిగి దండాన్ని పది బారల దూరం విసిరికొట్టింది. మాంత్రికుడు వెల్లకిలా పడ్డాడు.

లేచి దుమ్ము దులుపుకుంటూ అంకాలు దగ్గరికి వచ్చి చిన్న గొంతుతో అన్నాడు. "ఒళ్లు గుల్లబారిన జంతువే నా మంత్రం వింటుంది. చీకట్లో ఎందుకు పెట్టానో, ఎముక లేని కూడు ఎందుకు పెట్టించానో ఇప్పుడర్థమైందా?"

"అర్థమైంది. రాజుగారికి కూడా అర్థమయ్యేటట్టు చెబుతాను."

"చెప్పు. నేనూ ఒకటి చెబుతాను. నువ్వొచ్చి ముప్పయ్యారు రోజులైంది. నీ చేతికి మంగలికత్తి తగలగా ఎవరూ చూడలేదు. అయినా నీ గడ్డం మీద ఒక్క వెంట్రుక మొలవలేదు, శరభయ్యా."

మాంత్రికుడు దండం ఏరుకుని వెళ్లిపోయాడు. ఇక ఆలస్యం తగదని, మరునాటి మధ్యాహ్నం ఎండ ముదరగానే ఉడుములతో గోడెక్కాలని అంకాలు నిశ్చయించుకుంది.

కానీ ఘోరాక్షుడు ఆమెకంటే ముందు లేచాడు. తెల్లవారి అంకాలు వచ్చేసరికే ఎవరో ఎలుకల బుట్టను పెరట్లో బోర్లించి ఉన్నారు. తూలుతూ నడుస్తున్న ఎలుకల నాలుకలు నీలంగా ఉన్నాయి. ఆమె పరుగున వెళ్లి పింగళ నోటి ముందున్న ఎలుకను కాలితో తన్నేసింది. కరాళుడు అప్పటికే ఏడింటిని మింగాడు. ఆమె వాడి నోట్లోకి మోచేతి దాకా చేయి పెట్టి లాగింది, ఉప్పునీళ్లు పోసింది, పొట్ట కింద భుజం ఆనించి ఎత్తింది. పొద్దు బారెడు ఎక్కేసరికి ఆ పెద్ద తల ఆమె ఒడిలో వాలిపోయింది. ఎండకు వెచ్చబడ్డ ఒళ్లు వెచ్చగానే ఉంది, ఊపిరి మాత్రం లేదు.

భటులు ఆమెను రెక్కలు పట్టుకుని రాజు ముందుకు ఈడ్చుకుపోయారు. అక్కడ ఘోరాక్షుడు తన మాట తాను చెప్పాడు. "ప్రభూ, ఇది మగవాడు కాదు, వైద్యుడూ కాదు. కారుకోన ఆడది. తమ ఉడుములను చంపడానికే వచ్చింది."

"విషం పెట్టింది వీడు," అంది అంకాలు. "ఉడుముకు బలమొస్తే వీడి మంత్రం పారదు. అందుకే ఇన్నాళ్లూ మీ సొమ్ముతోనే మీ ఉడుములను కుళ్లబెట్టాడు."

"నువ్వు కారుకోన దానివి అవునా కాదా?"

"అవును."

ఉద్దండవర్మకు ఆ ఒక్క మాట చాలింది. "రెండో ఉడుముకు మూడు రోజులు మేత ఆపండి. నాలుగో నాడు మిట్టమధ్యాహ్నం దీన్ని దాని ముందు వేయండి," అన్నాడు.

నాలుగో నాడు కోట వెలిగోడ బురుజు కింది ముంగిలి తిరునాళ్లలా కిక్కిరిసింది. మేడల మీద పట్టుగొడుగులు, గోడల వెంట ఈటెల వరుసలు, వెండి వింజామరల మధ్య రాజు. బురుజు ఎర్రరాతి గోడ నూటయాభై మూరల ఎత్తున ఎండకు కొలిమిలా కాగుతోంది. దాని మొదట గొలుసు తెంపుకోవడానికి గింజుకుంటోంది వారం రోజులుగా మేత ఎరగని పింగళ. అంకాలును తోసి, గొలుసు విప్పేశారు.

పెంచిన చేతిని ఆకలి గుర్తుపట్టదు. ఆ సంగతి అంకాలుకు తెలిసినంతగా ఆ కోటలో మరెవరికీ తెలియదు. పింగళ పసుపు మెరుపులా దూసుకొచ్చింది. ఆమె చివరిదాకా కదలకుండా నిలబడి, నోరు తెరుచుకున్న క్షణాన పక్కకు దూకింది. పళ్లు గాలిని కొరికాయి. మలుపు తిరిగిన తోక ఆమె పక్కటెముకలకు తగిలి ముంగిలి అవతలికి ఎగరేసింది. జనం కేకలు పెట్టారు. ఆమె లేచింది. పింగళ రెండోసారి మీదికి దూకినప్పుడు అంకాలు పక్కకు కాక పైకి ఎగిరి, మెడ మీది మడతలను రెండు చేతులా పట్టుకుంది. వీపు మీది మనిషిని ఉడుము కొరకలేదు. ఆమె కాళ్లతో డొక్కలు నొక్కి, నాలుకను అంగిటికి కొట్టి రెండుసార్లు టకటకమనిపించింది. ఎక్కమని కారుకోనలో ఉడుము పిల్లలకు మొదట నేర్పే సైగ అదే. పింగళ ఒక్క క్షణం ఆగింది. ఆపైన కాగుతున్న గోడ మీదికి ఎగబాకింది.

పది మూరలు, ఇరవై, నలభై. గోళ్లు రాతి సందుల్లో దిగి నిప్పురవ్వలు రాల్చాయి. రాజు ఆసనంలోంచి లేచాడు. "ఎక్కుతోంది, చూశారా, ఎక్కుతోంది," అంటూ చప్పట్లు కొట్టాడు. పక్కనున్నవాళ్లూ కొట్టారు. ఉడుము వీపు మీద మనిషి కూడా ఎక్కుతోందని, ఆ బురుజు అవతల బయలేనని అతనికి అరవై మూరల దగ్గర స్ఫురించింది.

"బాణాలు వేయండి. ఉడుముకు తగలకూడదు."

బాణాలు రాతికి తగిలి రాలాయి. ఒకటి అంకాలు పిక్కలో దిగింది. ఆమె వెనక్కి చూడలేదు. డెబ్బై, ఎనభై. అప్పుడు కింద ఘోరాక్షుడు ఎముక దండం ఆకాశానికి ఎత్తాడు. ఉడుము వినకపోయినా మబ్బులు విన్నాయి. పడమటి నుంచి కాటుక కొండల్లా కదిలివచ్చి సూర్యుణ్ణి మింగేశాయి. చల్లగాలి కొట్టింది, ఆ వెనకే వాన దిగింది.

పింగళ అడుగులు నెమ్మదించాయి. ఎండ లేనిదే ఉడుము నెత్తురు పరుగెత్తదు. తొంభై మూరల దగ్గర ఒక కాలు ఎత్తి, దాన్ని ముందుకు వేయలేక అలాగే ఉండిపోయింది. కానీ జారలేదు. ఉడుంపట్టు అంటే అదే. కదలడానికి బలం లేకపోయినా వదలడానికి కూడా దానికి చేతకాదు. గోడకు అతుక్కున్న ఆ పన్నెండు మూరల ఒంటి మీద వాన ధారలు కడుతుంటే, కింద విలుకాళ్లు కొత్త బాణాలు ఎక్కుపెడుతున్నారు.

అంకాలు చెంపకు వెచ్చటి గాలి తగిలింది. పక్కనే చేతికందే దూరంలో గవాక్షం ఉంది. దాని చెక్కజాలీ సందుల్లోంచి వేడి, నిప్పుల వాసన వస్తున్నాయి. ఆమె పింగళ మెడ మీద నిలబడి, దెబ్బతిన్న కాలితోనే జాలీని తన్నింది. మూడో తన్నుకు అది విరిగి లోపల పడింది. దానితోపాటే తనూ లోపలికి దొర్లింది.

అది ఘోరాక్షుడి రహస్య మందిరం. నాలుగు మూలలా ఇత్తడి కుంపట్లు కణకణలాడుతున్నాయి. నడుమ మనిషి లోతు ఇసుక తొట్టి. ఇసుకలో వరుసలు వరుసలుగా, ఒక్కొక్కటి గుమ్మడికాయంత, ఉడుము గుడ్లు. కారుకోన గుడ్లు. అడవి తగలబడ్డ నాడు మాడిపోయాయనుకుని తనవాళ్లు నెల రోజులు ఏడ్చిన గుడ్లు. తొట్టి పక్కన బంగారు పళ్లెంలో మంత్రపు భస్మం కలిపిన కార్జం ముద్దలు, ఒక్కో గుడ్డుకూ ఒక్కోటి, సిద్ధంగా ఉన్నాయి. ఉడుము పిల్ల మొదటి ముద్ద ఎవరి చేతి నుంచి తింటే బతికినన్నాళ్లూ వాళ్ల మాటే వింటుంది. మాంత్రికుడు రెండు ఉడుములతో సరిపెట్టుకోదలచలేదు. వంద ఉడుముల సైన్యం పెంచుకోబోతున్నాడు.

ఆమె ఒక కుంపటిని గవాక్షం దగ్గరికి ఈడ్చింది. అరచేతులు బొబ్బలెక్కాయి. వేడి తగిలి పింగళ తల మెల్లగా కదిలింది. ముందు ముట్టె, తరువాత భుజాలు, చివరికి ఒళ్లంతా రాతి చట్రాన్ని పగలదోసుకుంటూ లోపలికి జారింది. అంకాలు కార్జం పళ్లెమెత్తి నిప్పుల్లో కుమ్మరించింది. బయట మెట్ల మీద భటుల అడుగుల చప్పుడు. తలుపు మీద మొదటి గొడ్డలి దెబ్బ పడింది.

ఆ దెబ్బకు ఇసుకలో ఒక గుడ్డు చిట్లింది. పెంకు సందులోంచి వేలెడంత ముట్టె, దాని వెనక నల్లపూసల్లాంటి రెండు కళ్లు. పక్కనే ఇంకొకటి చిట్లింది. ఆ వెనక ఇసుకంతా కదలడం మొదలైంది.

"తలుపుకు అడ్డం పడుకో తల్లీ," అంది అంకాలు, రెండు వేళ్లతో పింగళ డొక్క తట్టి తలుపు వైపు తోస్తూ. పింగళ బుసకొట్టి తలుపుకు ఒళ్లు ఆనించింది. గొడ్డలి మొన చెక్కలోంచి బయటికొచ్చి మళ్లీ వెనక్కి పోయింది.

అంకాలు కుంపటి కింది వెచ్చటి బూడిదలో చేయి పెట్టి వెతికింది. రెక్కలు టపటపలాడించే బొద్దింక ఒకటి గుప్పిట్లో చిక్కింది. పగిలిన పెంకు ముక్కను వేళ్ల మధ్య నలిపి, ఆ పొడిని దానికి అద్ది, ఇసుక తొట్టి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తెరుచుకున్న మొదటి నోటికి అందించింది.